ఇంగ్లిష్‌లో రెండు అనుమానాలు

బోథ్‌లో జూనియర్ కాలేజీకి ఇంగ్లిష్ చెప్పడానికి వచ్చిన కొన్నేళ్లకు నాకొక సంబంధం వచ్చింది. అప్పటికి నాకు నలభై దగ్గర పడుతోంది. మా వాళ్లు సంబంధాలు చూడడం ఎప్పుడో మానేశారు. కరీంనగర్‌లో తమ్ముడి దగ్గరుండే, మమ్మల్ని కన్న అవ్వకు మాత్రం ఆశ చావలేదు.

ఆయన శ్రీరాంపూర్‌లో బొగ్గు గనిలో ఫిట్టర్. భార్య చనిపోయింది. ఇంటర్ చదివే కూతురు ఉంది. లక్సెట్టిపేటలో ఆయన అక్క ఇంట్లో కలిశాం. చెరో కుర్చీలో కూర్చున్నాం, మధ్యలో మిక్చర్ ప్లేటు. ఆయనే ముందు అడిగాడు.

"ప్రమోషన్ పరీక్ష రాస్తున్న మేడం. ఇంగ్లిష్ పేపర్‌తోనే పరేషాన్. ఏమన్న అడగాల్నంటే మీకు ఫోన్ చెయ్యొచ్చా?"

పెళ్లిచూపుల్లో నన్ను అలాంటి మాట ఎవరూ అడగలేదు. చెయ్యమన్నాను.

డ్యూటీ దిగి, స్నానం చేసి, సాయంత్రం ఫోన్ చేసేవాడు. మామూలుగా ఆ వేళకు నేను టీవీ పెట్టుకుని, చూడకపోయినా గదిలో మనుషుల గొంతులు వినబడితే చాలని కూర్చునేదాన్ని. ఆయన ఫోన్లు మొదలయ్యాక టీవీ సంగతే మరిచిపోయాను.

ఒకరోజు అడిగాడు. "మేడం, డౌట్‌ఫుల్, డ్యూబియస్ రెండూ ఒక్కటే కదా? డిక్షనరీల రెండిటికీ అనుమానం అనే ఉన్నది."

"దగ్గర దగ్గరే గాని ఒక్కటి కాదు. ఇయ్యాల వాన పడుతదా అంటే డౌట్‌ఫుల్ అంటం. ఇంకా తేలలే, అంతే. అండ్ల మొగులు మీది మబ్బు తప్పేం లేదు. గిక్కడొకడు పేరులేని ప్యాకెట్లల్ల పత్తి గింజలు అమ్ముతుండు. ఆ గింజలు డ్యూబియస్, వాడూ డ్యూబియస్. ఆ మాటంటే అవతల ఏదో ఖరాబున్నదని."

"గట్లయితే మనిషిని రెండో మాటంటే ఇజ్జత్ పోయినట్టే."

"పోయినట్టే. 'నేను డ్యూబియస్' అని మన గురించి మనం కూడా అనొచ్చు, నాకు నమ్మకం కుదుర్తలేదని. కాని వినేటోళ్లు మనల్నే నమ్మొద్దని అర్థం చేసుకుంటే కష్టం. మీరు డౌట్‌ఫుల్ అనే రాయిండ్రి."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు వినడం నాకదే మొదటిసారి.

తర్వాత్తర్వాత మాటలు ఇంగ్లిష్ దాటిపోయాయి. ఆ రోజు ఏం కూర వండాడో చెప్పేవాడు. గనిలోంచి పైకి వచ్చినప్పుడు కళ్లకు ఎండ ఎలా తగులుతుందో చెప్పేవాడు. నేను మా కాలేజీ పిల్లల కబుర్లు చెప్పేదాన్ని. పెళ్లి మాట ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. ఎత్తకపోయినా అది మా మధ్య ఉందనే అనుకున్నాను.

ఉన్నట్టుండి ఫోన్లు తగ్గాయి. ఆ పైన ఆగిపోయాయి. నేను చేయవచ్చు. పాఠం ఎక్కడిదాకా వచ్చిందని అడగవచ్చు. కానీ నాకు అడగాలని ఉన్నది పాఠం గురించి కాదు. అందుకే చేయలేకపోయాను. కింద ఉండే ఇంటి ఓనరమ్మ, "ఏం మేడం, పానం బాగలేదా?" అని కూడా అడిగింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. నిర్మల్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో రెండు మారి వచ్చాడట. ఓనరమ్మ ఆయన్ను వరండాలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. ఇచ్చి తలుపు దగ్గరే నిలబడింది. ఒంటరి ఆడమనిషి కోసం వచ్చిన మగమనిషిని ఆమె చూసిన చూపుకు డ్యూబియస్ అనే ఆ రెండో మాటే సరిపోతుంది. నేను ఆమెకు చెప్పి, ఆయన్ను బస్టాండు వైపు నడిపించుకుపోయాను.

దారిలో చెప్పాడు. "బిడ్డ ఒప్పుకుంటలేదు మేడం. వాళ్లవ్వ జాగల ఇంకొకరిని చూడలేనంటుంది. గట్టిగ చెప్తే వింటదేమో. కాని నాకు చెప్పబుద్ధి అయితలేదు."

"ఫోన్ల చెప్తే అయిపోతుండె కదా. ఇంత దూరం ఎందుకొచ్చిండ్రు?"

"ఫోన్ల చెప్తే మీరు నన్ను డ్యూబియస్ అనుకుంటరని భయమైంది. మనసుల ఒకటి పెట్టుకొని ఇన్ని దినాలు ముచ్చట పెట్టిండని. అట్ల కాదు మేడం. నేను మాట్లాడిందంత నిజమే."

"నేనట్ల అనుకోలే," అన్నాను.

నిజంగానే అనుకోలేదు. అనుకోగలిగితే నాకు సులువయ్యేది. నాలుగు రోజులు కోపంతో గడిపి మరిచిపోయేదాన్ని. ఏ తప్పూ లేని మనిషి పక్కన, చెప్పుల్లోకి కంకర వస్తుంటే దులుపుకుంటూ నడిచాను. పరీక్ష బాగా రాయమన్నాను. ఆయన తలూపి బస్సెక్కాడు.

పరీక్ష పాసయ్యాడని కొన్నాళ్లకు ఆయన అక్క ఫోన్ చేసి చెప్పింది. సంతోషమని చెప్పమన్నాను. ఆమె చెప్పిందో లేదో.

ఆ ఎండాకాలం సెలవులకు నేను కరీంనగర్ పోలేదు. కాలేజీ మూసేశాక బోథ్‌లో నాతో మాట్లాడింది పాలు పోసే అతనూ ఓనరమ్మే. పొద్దు వాలగానే మేడ మీద నీళ్లు చల్లేదాన్ని. గచ్చు ఆవిరి కక్కి చల్లబడేదాకా పిట్టగోడ దగ్గర నిలబడి, ఆ తర్వాత లోపలికి వచ్చి ఒక గ్లాసు బియ్యం కడిగేదాన్ని.