జపాన్ ఫైల్లో తెలుగు మాట

దెయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లుమంట. ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకాన్ని. అందుకే ఇది చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది.

రెండువేల నాలుగు వేసవిలో తెనాలిలో కరీం అన్న డీటీపీ షాపులో పనిచేసేదాన్ని. పెళ్లికార్డులు, కరపత్రాలు మా పని. ఆయనకు తెలిసినవాళ్ల ద్వారా జపాన్ ఎంబ్రాయిడరీ మిషన్ల సాఫ్ట్‌వేర్ ఫైళ్లు కొన్ని వచ్చాయి. అందులోని జపాన్ అక్షరాలు చెడిపోకుండా యూనికోడ్‌లోకి మార్చివ్వాలి.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. జపాన్ వాళ్ల షిఫ్ట్-జిస్ పద్ధతిలో ఒక అక్షరాన్ని సూచించే అంకెలే మా తెలుగు ఫాంటులో ఇంకేవో అక్షరాలవుతాయి. కార్డుల కోసం మా నోట్‌ప్యాడ్‌కి ఆ తెలుగు ఫాంటే పెట్టి ఉంచాం. దాంతో ఫైలు తెరిస్తే చాలు, తెర నిండా 'ఞఖ్ఠౌ ళృఘ' లాంటి పిచ్చిరాతలు. చూసి నవ్వుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం ఆ పిచ్చిరాతల మధ్య స్పష్టంగా 'అక్కా రా' అని ఉంది.

కరీం అన్న కూడా చూశాడు. "ఏంటమ్మా, మీ చెల్లెలు జపాన్ నుంచి పిలుస్తోందా?" అని ఆటపట్టించాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. చెల్లెలు ఉండేది రేపల్లెలో. దాని పెళ్లిలో మాటా మాటా పెరిగి, రెండేళ్లుగా మా మధ్య మాటల్లేవు. ఏడో నెల అని తెలిసినా చూడ్డానికి వెళ్లలేదు. దాని మొగుడికేమో బాపట్లలో ఉద్యోగం, ఇంటికొచ్చేది ఆదివారాలే.

పని చేద్దామన్నా మనసు నిలవలేదు. ఏంటీ పిచ్చి అని నన్ను నేనే తిట్టుకుంటూ రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియక వేమూరులో దిగిపోదామని కూడా అనుకున్నాను.

వాళ్లింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. చెల్లెలు వంటింటి గడప దగ్గర పడి ఉంది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది. పక్కింటివాళ్ల సాయంతో కారు మాట్లాడి ఆసుపత్రికి చేర్చాను. డాక్టరమ్మ గుర్రపు వాతం అంది, కడుపుతో ఉన్నవాళ్లకు బీపీ పెరిగి వచ్చే మూర్ఛ. ఇంకాస్త ఆలస్యమైతే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కేవాళ్లు కాదంది. అప్పుడు ఏడ్చాను చూడండి, అంత ఏడుపు నాలో ఉందని నాకే తెలియదు.

వారం తర్వాత షాపుకెళ్లి మొదట ఆ ఫైలే తెరిచాను. ఆ వరుసలో పిచ్చిరాతలే ఉన్నాయి. మా ఫాంటులో 'క్క' అంకె 253. షిఫ్ట్-జిస్‌లో ఆ అంకె ఏ అక్షరానికీ వాడరు. ఫైలంతా వెతికాను, ఒక్కటంటే ఒక్కటి లేదు. "నేనూ చూశానమ్మా, ఒట్టు" అంటాడు కరీం అన్న. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

చెల్లెలు బిడ్డతో ఇంటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను, ఆ రోజు నన్ను పిలిచావా అని.

"నిన్నా? రెండేళ్లు నా గుమ్మం తొక్కనిదానివి, నిన్నెందుకు పిలుస్తాను? అమ్మని పిలిచా. అక్కా రా, అక్కా రా అని" అంది.

పిన్నుల నోట విని మేమిద్దరం అమ్మను కూడా అక్కా అనే పిలిచేవాళ్లం. అమ్మ పోయి అప్పటికే ఆరేళ్లు.

అమ్మను పిలిచిన పిలుపు నా కంప్యూటరు దాకా ఎలా వచ్చిందో, ఫైల్లో లేని అక్షరం మా ఇద్దరికీ ఎలా కనబడిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. చావుబతుకుల్లో కూడా చెల్లెలికి నేను గుర్తురాలేదు, ఆ బాధ మాత్రం పోలేదు.