ఆకు ఏడు

మా పక్క గది పెద్దమ్మ సోమవారం పొద్దున పోయింది. బమ్రోలిలో మా సందుకు నీళ్లొచ్చే వేళ. కుళాయి కింద బిందె పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. బిందె నిండి పొర్లుతున్నా లేవలేదు. ఆమె మాకు చుట్టం కాదు. మగ్గాల పనికి తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన వాళ్లమంతా ఒకరికొకరం వరసలు కలుపుకుంటాం, అలా కలిసిన పెద్దమ్మ.

ఆమెను తలచుకోవాలంటే మా మోరీ పక్కన మొలిచే ఓ చెట్టుతో మొదలుపెట్టాలి. దాని పేరు ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. వానలకు మొలుస్తుంది. మొదటి ఏడాదంతా నేలను కరుచుకుని విస్తరిలా ఆకులు పరుస్తుంది, అంతే. కాడ లేదు, మొగ్గ లేదు. ఓ ఆదివారం మా ఆయన దాన్ని ఆకుకూర అనుకుని పప్పులోకి పీకబోయాడు. పెద్దమ్మ చీపురు పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

"ఏయ్, గది కూర గాదు! ఆకు ఏడుల ఉన్నది, ముట్టకు!"

మరుసటి ఏడు ఆ ఆకుల నడుమ నుంచి కాడ లేచింది. కింది నుంచి పైకి పసుపుపచ్చని పూలు విచ్చుకుంటూ పోయాయి. ఒక్కో పువ్వుకు ఒక్క రోజే ఆయుష్షు. కొస పువ్వు కూడా రాలాక చెట్టు నిలువునా ఎండింది. ఆ ఎండుకాడను కూడా ఆమె పీకనివ్వలేదు. "పూసినంక పోతది. గింజ ఇడిసిపెట్టే పోతది, జర ఆగుండ్రి," అనేది.

లోకాన్నంతా ఆమె ఆకు ఏడు, పువ్వు ఏడు అనే ఆ రెండేళ్లతోనే కొలిచేది. మగ్గం మీద దారాలు తెంపే కొత్త పనివాడు ఆకు ఏట్లో ఉన్నట్టు. గుజరాతీ రాక కూరగాయల బండి దగ్గర తెల్లమొహం వేసే కొత్త కోడలూ అంతే. తన ముసలాయన బతికున్నన్నాళ్లూ ఆయనను మాత్రం, "ఈయనకు పువ్వు ఏడు పెట్టుడు దేవుడు మర్సిపోయిండు," అని ఏడిపించేది.

నాకు మాత్రం ఆ మాట వేళాకోళం కాదు. మా పాపకు నాలుగేళ్లు నిండాయి, ఇంకా మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయన్న డాక్టరు, "ఇంట్లో ఏ భాష?" అని అడిగాడు. ఏం చెప్పను? ఇంట్లో తెలుగు, సందులో హిందీ, బాల్వాడీలో గుజరాతీ. నేను పొద్దంతా చీరలకు లేసు కుట్టే కార్ఖానాలో. ఏదో ఒక్క భాషలో పిల్లతో ఆగకుండా మాట్లాడమన్నాడు. మా ఆయన హిందీ అన్నాడు. అత్తమ్మ ఫోనులో తాయెత్తు అంది. ఈ ఏడాది దాటితే వేరే బడి చూసుకోమంది బాల్వాడీ టీచరు. పెద్దమ్మ ఒక్కతే పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"ఆకు ఏడు బిడ్డా. మాటలన్నీ లోపల్నే పరుసుకుంటున్నది."

ఆ రోజు నుంచి నేను పనికి వెళితే పాప ఆమె దగ్గరే. కండెలకు దారం చుట్టుకుంటూ, బియ్యంలో రాళ్ల గురించి, గోడ మీది బల్లి గురించి, అన్నీ తెలుగులోనే చెప్పేది. బదులు రాకపోయినా ఆపేది కాదు. ఓసారి నేను తట్టుకోలేక, "నిజంగనే మాటలొస్తయా పెద్దమ్మా?" అని అడిగాను.

"నాకేమెరుక బిడ్డా? రావని నీకు మాత్రం ఎవలు చెప్పిండ్రు?" అంది.

అది జవాబు కాదని నాకు తెలుసు. అయినా ఆ మాట పట్టుకునే బతికాను. ఇప్పుడు ఆ మాట ఎవరు చెబుతారు నాకు? ఆమె మీద కోపం వస్తోంది. చచ్చిపోయిన మనిషి మీద కోపమేమిటని మా ఆయన అంటాడు. వస్తోంది, ఏం చేయను? నా పిల్ల నోట ఒక్క మాట పలికించి పోకూడదా?

నిన్న సాయంత్రం పని నుంచి వచ్చేసరికి పాప పెద్దమ్మ గడప మీద కూర్చుని ఉంది. తలుపుకు తాళం. నన్ను చూసి లేచి, చేయి పట్టి లాక్కెళ్లి ఆ గడప మీద కూర్చోబెట్టింది. ఎదురుగా నిలబడి నా పెదవుల మీద వేళ్లు ఆనించింది. పెద్దమ్మ కబుర్లు చెబుతుంటే రోజూ ఇట్లనే చేసేదని, ఇప్పుడు పాపను చూసుకుంటున్న ఎదురింటామె చెప్పింది.

నేను నోరు తెరిచాను. ఏడుపు తప్ప ఏమీ రాలేదు. పాప వేళ్లు తీయలేదు.