పాప తలమీద రెండు ఆముదపు గీతలు

దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. మదురైలో డాక్టరు చదివే పిల్లలకు ఎముకల పాఠం చెబుతాను. ఇన్నేళ్లుగా పుర్రెలతోనే నా కాపురం, ఒక్కటీ నన్ను పలకరించలేదు. అయినా పోయిన ఏడాది అన్నూరులో, మా పుట్టింట్లో, పట్టపగలు జరిగినదాన్ని జరగలేదని అనలేను.

తమ్ముడికి కూతురు పుట్టి మూడో నెల, చూడబోయాను. పాప నుదురు కుడివైపు కాస్త అణిగి ఉంది. ఒకే పక్కకు పడుకోవడం వల్లేనని అందరూ అన్నారు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టారు. నాకూ అది సబబుగానే తోచింది.

అమ్మ పాపకు తలకు నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టి, తల ఆరాక ఉయ్యాలలో వేసింది. నేను ఆ గది గడప దగ్గరే కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాను. లోపలికి ఎవరూ వెళ్లలేదు. పాప కదిలిన అలికిడికి వెళ్లి చూశాను. మాడు నుంచి కుడిచెవి వైపు రెండు సన్నటి ఆముదపు గీతలు, ఇంకా తడిగా ఉన్నాయి.

ఆముదం బొటనవేలితో పెట్టడం మావాళ్ల పద్ధతి. మా నాయనమ్మకు, మేము అవ్వ అంటాం, దూదిమిల్లులో బొటనవేలు తెగిపోయింది. ఆమె ఒక్కతే రెండు వేళ్లతో రాసేది. ఈ ఇంటి పిల్లల తలలన్నీ ఆ రెండు వేళ్ల కిందే పెరిగాయి. పాప పుట్టకముందే అవ్వ పోయింది.

అమ్మను అడిగాను.

"లేదు కన్నూ, ఈ పొద్దు నేను ఆముదం ముట్టనే లేదు. సత్తియమా చెప్తాను," అంది. మరదలూ అదే చెప్పింది.

తుడుద్దామని వేలు పెట్టాను. గీతల కింద ఎముక గట్టులా తగిలింది. పసిబిడ్డ పుర్రె ఒకే ఎముక కాదు. ముక్కల మధ్య నారలాంటి అతుకులుంటాయి, మెదడు పెరిగేకొద్దీ అవే చోటిస్తాయి. మా పాపకు అందులో ఒకటి అప్పుడే మూసుకుపోయింది. అలాగే వదిలేస్తే తల వంకరపోతుంది, మెదడుకు చోటు చాలకపోవచ్చు.

మదురైలో ఆపరేషన్ చేయించాం. సర్జన్ బయటికి వచ్చి, బిడ్డకు భయం లేదన్నాడు. ఇంత త్వరగా ఎవరు కనిపెట్టారని తమిళంలో అడిగాడు. నేనేనని చెప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. అమ్మ తలెత్తి, "మా అత్త," అంది. ఆమెను ఒకసారి చూడాలన్నాడు ఆయన.

"పని అయినాక నిలబడే మనిషి కాదు సార్ ఆమె," అంది అమ్మ.

పాప ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ అవ్వకు మనవరాలినని నేను అందరితోనూ గర్వంగా చెప్పుకుంటాను. ఆ గీతలు ఎవరు గీశారంటే మాత్రం, ఇన్ని ఎముకలు చదివినా, ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు.