తల దించుకుంటే అబద్ధమేనా

మాటలతో కాకుండా చూపుతో, చేతులతో మనుషులు ఏం చెబుతారన్నది నా పీహెచ్‌డీ అంశం. మాది నందిగామ. అందుకని వత్సవాయి వైపు పత్తి చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లను ప్రశ్నలడిగి వీడియో తీసుకురమ్మని మా గైడ్ పంపారు.

చేను రైతు నాకు కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి, నా వెనకే నిలబడ్డాడు. ఆయన్ని వెళ్లమనడం మర్యాద కాదనుకున్నాను.

"మందు కొట్టాక ఎన్నాళ్లకి చేలోకి దిగుతారు?" అని ఒకామెను అడిగాను.

"రెండ్రోజులు ఆగే దిగుతామండి," అంది, నేల చూపులు చూస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మా గైడ్ ఆ వీడియోలో దించిన తల, అడ్డం పెట్టిన కొంగు చూసి తన పరిశోధన పేపర్లో ఒక వాక్యం రాశారు: చదువులేని పల్లెటూరి స్త్రీలకు నిజం దాచడం స్వభావమని. నాకు ఒళ్లు మండింది. మర్నాడే ఆమె ఇంటికి వెళ్లి, ఫోన్‌లో వీడియో చూపించాను.

"ఆయన్ని ఎదురుగా నిలబెట్టి అడిగారు గదమ్మా. ఎటు చూడమంటారు?" అంది. "పొద్దున కొడితే మధ్యాహ్నం దింపారు. ఇవిగో." చాచిన అరచేతుల మీద తోలు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది.

గైడ్ దగ్గరికి వెళ్లి, ఇదంతా చెప్పి ఆ వాక్యం తీసేయమన్నాను.

"వీడియోలో రైతు లేడు కదమ్మా. కనపడిందే రాస్తాం."

"నా వెనక ఉన్నాడు సార్. కెమెరా పెట్టింది నేనే."

"నీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది కూడా నేనే. గుర్తుపెట్టుకో."

పేపరు అచ్చయింది. రెండో పేరు నాది. జగ్గయ్యపేట బస్సులో కూర్చుని చదివాను. గైడ్ మీద ఎంత కోపమో, మజ్జిగ తాగి నోరు మూసుకున్న నా మీదా అంతే. ఆ రాత్రే పేపరు వేసిన పత్రిక సంపాదకులకు జరిగింది జరిగినట్టు రాశాను. ఆమె ఎవరో, ఏ ఊరో మాత్రం రాయలేదు. పని పోతే ఆమెకు నేను తిండి పెట్టలేను.

గైడ్ నన్ను వదిలేశారు. ఇంకొకరు దొరకడానికి ఏడాది పట్టింది. పత్రికవాళ్లు నాలుగు నెలల తర్వాత చివరి పేజీలో చిన్న అక్షరాలతో దిద్దుబాటు వేశారు. దాన్ని ఎవరూ చదవరు. మొదటి పేపరును మాత్రం ఎవరెవరో తమ పరిశోధనల్లో ఉదహరిస్తూనే ఉన్నారు, నా పేరుతో సహా.