మధ్యలో వచ్చిన పరికరానికి చోటు చూపిన వసుంధర గారు

వసుంధర గారు ఇక లేరన్న వార్త మంగళవారం ఉదయం తాడేపల్లిగూడెం స్టేషన్‌లో రైలు దిగుతుండగా విన్నాను. ఆదివారమే ఫోన్‌చేసి నా పాఠంలో ఒక పొరపాటు సరిదిద్దారు. ఆ కంఠం ఇంకా చెవిలో ఉండగానే గుండె ఆగి కన్నుమూశారంటే నమ్మశక్యం కాలేదు.

ఉంగుటూరు రైతుకుటుంబంలో పుట్టిన ఆవిడ తాడేపల్లిగూడెం ఇంజనీరింగ్ కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ బోధించేవారు. నేను ఆవిడ శిష్యురాలిని. తర్వాత అక్కడే పక్కగదిలో అధ్యాపకురాలినయ్యాను.

కైకలూరులో చేపలచెరువు రైతు సత్యనారాయణ గారి గట్టు మీద మా కాలేజీవాళ్లం ఒక కంప్యూటర్ పెట్టాం. నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందని దానికి తగిలించిన సెన్సర్ పెట్టె చెబితే, కంప్యూటర్ నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లను తిప్పాలి. ఒక వేకువన అవి తిరగలేదు. తెల్లారేసరికి చెరువంతా చచ్చిన చేపలు తేలాయి. ఆయన కాలేజీకి వచ్చి తలవంచుకుని నిలబడ్డారు.

“సెన్సర్ పెట్టెకి దుమ్ము పట్టిందని సాయంత్రం తీసి తుడిచి మళ్లీ పెట్టానండి. నేనే పాడుచేశానేమోనండీ.”

మేమూ అదే అనుకున్నాం. వసుంధర మేడమ్ ఆయనకు కుర్చీ చూపించారు. “కూర్చోండి. నడుస్తుండగా తీసి పెట్టుకోవచ్చని చెప్పింది మేమేనండీ. మీరు తప్పేం చెయ్యలేదు.”

ఆనాటి నుంచి క్లాసులవగానే ల్యాబులో కూర్చుని, అలాంటి పెట్టెనే తీసి పెడుతూ, యంత్రం ఎక్కడ తడబడుతోందో చూసేవారు. వేరే రకం పెట్టె కొంటే పోతుంది కదా అన్నాను.

“ఈ చెరువు వరకూ సరిపోతుందమ్మా. మిగతావాళ్ల సంగతేంటి?” అన్నారు.

లోపం పెట్టెలో లేదు, కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాం కెర్నెల్‌లోనే ఉందని చివరికి తేల్చారు. యంత్రం ఆన్‌చేసినప్పుడు ఉన్న పరికరాలన్నింటికీ అది మెమొరీలో చోటు కేటాయిస్తోంది. మధ్యలో తగిలించినవాటికి ఆ పని సగంలో వదిలేస్తోంది. అందుకే ఆయన తుడిచి పెట్టిన పెట్టె లెక్కలు తారుమారయ్యాయి. ఆవిడ దాన్ని క్లాసులో ఇలా చెప్పారు: “ముందొచ్చినవాళ్లకే విస్తరి వేసి, ఆలస్యంగా వచ్చినవాళ్లకి చోటు చూపించకపోతే, పాపం వాళ్లు పక్కవాళ్ల విస్తట్లో చెయ్యిపెడతారు. తప్పు వడ్డించేవాళ్లది.”

సవరణ రాసి పంపితే, లోకమంతా వాడే ఆ కెర్నెల్ బాగోగులు చూసే నిర్వాహకులు తిప్పిపంపారు. ఇది ఒక్క రకం పెట్టెకే పనికొస్తుందని వారి అభ్యంతరం. నాకు ఉక్రోషం వచ్చింది. ఆవిడ నవ్వేశారు. “నిజమేనమ్మా, నా చెరువు ఒక్కటే చూసుకుని రాశాను.”

మళ్లీ మొదటినుంచి రాశారు. ఏ పరికరం వచ్చినా చోటు దొరికేలా, తీసేస్తే ఆ చోటు ఖాళీ అయ్యేలా మలిచారు. ఈసారి అంగీకరించారు. లోకంలో ఎక్కడెక్కడి యంత్రాల్లోకో ఆ సవరణ చేరింది.

సంబరం చేద్దామంటే వద్దని, నన్ను వెంటబెట్టుకుని బస్సులో కైకలూరు వెళ్లారు. గట్టు మీద, “మీరే తీసి పెట్టండి” అన్నారు సత్యనారాయణ గారితో. ఆయన పెట్టె దగ్గర వంగారు. తీశారు, పెట్టారు. తెరపై అంకెలు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలాయి. ఏరియేటర్లు నీళ్లు చిమ్మాయి.

“ఇంక భయం లేదంటారా అండీ?”

“ఈ విషయంలో లేదండీ. ఇంకేదైనా వస్తే కబురు చెయ్యండి, వస్తాను.”

ఆవిడ అలా వెళ్లడం నేను చాలాసార్లు చూశాను. ఆ వినయం, ఆ దీక్ష ఒకే మనిషిలో కలిసి ఉండడం అరుదు. ఆ లోటు పూడ్చగలవారు మాలో లేరు. ఆ విదుషీమణికి శిష్యులందరి తరఫున నా నమస్సులు.

సంస్మరణ సభ జరిగిన మర్నాడు ఆవిడ పేరిట ఒక అపరిచిత ఇంజనీరు సందేశం వచ్చింది. ఆవిడ రాసిన సవరణకు కొత్తరకం యంత్రాల్లో మరో ఇబ్బంది కనబడుతోందట. మేడమ్ లేరని, మేము చూస్తామని జవాబు రాశాం. ఆవిడ దగ్గర చదివినవాళ్లం ముగ్గురం ల్యాబులో కూర్చున్నాం. నిన్న మేం రాసిన సవరణ పనిచెయ్యలేదు. ఎందుకో మాత్రం తెలిసింది. ఈ మధ్యాహ్నం మళ్లీ కూర్చుంటున్నాం.