కుప్పమ్మక్క ఖాళీ నిమిషం

సత్యవేడు చుట్టుపక్కల పదిహేను ఊళ్లకు 1996లో రేడియో ఫోన్లు ఇచ్చారు. తీగలు లేవు. ఊరికొక ఇనుప స్తంభం, దాని కింద ఒక ఫోను. అన్ని ఊళ్లకూ కలిపి మాట పోయే దారులు మాత్రం రెండే. ఎక్కడో రెండు ఊళ్లవాళ్లు మాట్లాడుతుంటే మిగతా పదమూడు ఊళ్లకూ కుయ్ కుయ్‌మనే మోతే.

మా ఊరి ఫోను కుప్పమ్మక్క ఇంట్లో పెట్టారు. ఆమెకు అంకెలు రావు. ఏడో తరగతితో బడి మానేసిన నేను నంబర్లు నొక్కేదాన్ని. మాట్లాడేది ఆమె.

మొదటి నెలలోనే ఆమె బస్సెక్కి పద్నాలుగు ఊళ్లూ తిరిగింది. ప్రతి ఫోను దగ్గరా ఒకటే మాట: "గంట గంటకీ ఒక్క నిమిషం అందరం ఫోను పెట్టేద్దాం. ఆపదలో ఉండేవాళ్లకి దారి దొరకతాది." గడియారాలను రేడియో వార్తల వేళకు సరిచేసుకోమంది. చాలామంది సరేనన్నారు. పక్క ఊరి ఫోను చూసే దామోదరం మాత్రం నవ్వాడు.

"నువ్వేమన్నా కలెక్టరమ్మవా అక్కా? మా ఊరోళ్లు అల్లుడితో మాట్లాడతా మాట్లాడతా నీ గంటకి నోరు మూసుకోవాల్నా?"

ఆ ఏడు సెనక్కాయలు పీకుతుంటే చెంగమ్మను పాము కరిచింది. మొగుడు వరదయ్య ఆమెను మోసుకొచ్చి మా ముందు దించేసరికి రెండూ నలభై. బస్సు అయిదుకు గానీ లేదు. బాడుగ జీపు సత్యవేడులో ఉంది, ఫోను చేస్తేనే వస్తుంది.

నొక్కాను. మోత. మళ్లీ నొక్కాను. మోత. చెంగమ్మ కనురెప్పలు వాలిపోతున్నాయి.

"మూడు దాకా ఓర్చుకోప్పా," అంది కుప్పమ్మక్క.

"నీ మాటకి ఎవురు పెడతారక్కా ఫోను?" అన్నాడు వరదయ్య.

మూడయింది. నొక్కాను. మోతే. సెకన్ల ముల్లు సగం తిరిగింది. ఈ నిమిషం పోతే మళ్లీ నాలుగుకే. ఇంకోసారి నొక్కాను. అవతల గంట మోగింది.

"కుప్పమ్మను, జీపు పంపించప్పా! పాము కరిసింది, మా ఊరి బడికాడ ఉంటాం." ఆమె జవాబు విని టక్కున పెట్టేసింది.

"అప్పుడే పెట్టేస్తివే!" అని అరిచాడు వరదయ్య.

"వస్తానన్న్యాడు. ఇంకెవురికన్నా ఇట్టాంటి కష్టం ఉంటాదేమో, దారి ఇడవాల."

ఇరవై నిమిషాల్లో జీపొచ్చింది. నాలుగో రోజు చెంగమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి, తన కాళ్ల మీద నడిచి ఇల్లు చేరింది.

ఆ వారమే దామోదరం వచ్చాడు. "అప్పుడు నవ్వితిని గానీ, ఆ పొద్దు మూడుకి మా ఊర్లో ఒకాయన ఫోను పెట్టనంటే చేతిలోంచి లాక్కున్న్యానక్కా. ఇప్పటికీ నాతో మాట్లాడ్డు."

కుప్పమ్మక్క అతనికి మజ్జిగ ఇచ్చింది.

"అర నిమిషం లేటుగా లాక్కున్న్యావప్పా. రేడియో పెట్టి గడియారం సూసుకుంటా ఉండావా లేదా?"