నలుగురం కలిసి కొన్న స్టెబిలైజర్, మధ్యలో ఒక ఎలుగుబంటి

ముందుగా ఒట్టు వేస్తున్నాను. గోదారి నీళ్ళ మీద, సీతమ్మవారి తలంబ్రాల మీద, ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టిన కెమెరా మీద ఒట్టు: నేను చెప్పబోయే ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ ఒట్టు చదివి నవ్వుతారని తెలుసు, ఎరగనివాళ్ళు నమ్ముతారనీ తెలుసు. ఇద్దరూ చివరిదాకా చదివితే చాలు.

మొన్న సారపాకలో దూరపు చుట్టాల పెళ్ళికి నేనూ, మా అక్క భర్త, అంటే మా బావా, కలిసి పోయాము. అక్కడ వీడియో తీస్తున్నది ఒక అమ్మాయి. ఒక చేతిలో అరటిపండంత కర్ర, దాని కొసకు సెల్‌ఫోను, రెండో చేతిలో మిరపకాయ బజ్జీ. ఆ కర్రనే జింబల్ అంటారు, పట్టుకున్న మనిషి గెంతినా బొమ్మ కదలకుండా చూసుకుంటుంది. మేమిద్దరం పాతకాలపు వీడియోవాళ్ళమని ఎవరు చెప్పారో ఏమో, ఆ అమ్మాయి నవ్వుకుంటూ వచ్చి దాన్ని మా బావ చేతిలో పెట్టి, నాలుగడుగులు నడిపించి, ఫోనులో బొమ్మ చూసుకొని, పెద్దాయన చెయ్యి భలే నిలకడగా ఉందే అని మెచ్చుకుంది. "అవ్ బిడ్డా, మొదటి సంది గంతే" అన్నాను నేను పక్కనుంచి. బావ కళ్ళు తుడుచుకున్నాడు. బజ్జీ ఘాటనుకొని పాపం ఆ పిల్ల మంచినీళ్ళ సీసా అందించింది.

ఆ చెయ్యి కథ ఆ పిల్లకు చెప్పలేకపోయాను గనుక మీకు చెబుతున్నాను.

మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, భుజం మీద పసిపిల్లను ఎత్తుకున్నట్టు మోసే ఆ పెద్ద కెమెరా, దాని వెనకాల లైటు పట్టుకొని వైరు చుట్టుకుంటూ నడిచే మనిషి, ఆ లైటు వేడికి పెళ్ళికూతురి ముఖాన పౌడరు చారలు కట్టడం, భోజనాల బంతిలోకి లైటు రాగానే ముద్ద నోటిదాకా తెచ్చి అక్కడే ఆపి గంభీరంగా చూసే పెద్దమనుషులు. సారపాకలోనే, పేపర్ మిల్లుకు పోయే రోడ్డు మీద మా బావకు స్టూడియో ఉండేది. ఇంటర్ తప్పి ఊరి మీద తిరుగుతున్న నన్ను అక్క తీసుకుపోయి అందులో పడేసింది. బావ అబద్ధం ఆడడు. పెళ్ళికొడుకు తండ్రిని పట్టుకొని, మీవాడు నవ్వితే బాగలేడు, మూతి మూసుకొమ్మని చెప్పండి అనగల మనిషి. నేను నిజం చెప్పను. ఆ తండ్రిని పక్కకు తీసుకుపోయి, మీ అబ్బాయి మూసుకున్న మూతిలో రాజసం ఉందని సర్దిచెప్పేవాణ్ణి. ఆయన అబద్ధమాడక, నేను నిజం చెప్పక, ఇద్దరం కలిసే సరికి స్టూడియో బాగానే నడిచింది.

బావ చేతి నిలకడ గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. ఒకసారి బరాత్‌లో, బ్యాండువాళ్ళ డప్పులకు వీధిలో కిటికీలు అదురుతుంటే, ఆయన భుజం మీది కెమెరా పైన నేను నిండు చాయ్ గ్లాసు పెట్టాను. ఆడపెళ్ళివారి ఇంటినుంచి విడిదిల్లు దాకా వెనక్కి నడుస్తూ షూటింగు చేశాడు. విడిది దగ్గర గ్లాసు తీసుకొని తాగాడు. చుక్క ఒలకలేదు. కాకపోతే చల్లారిపోయిందని విసుక్కున్నాడు. ఇది కూడా పైన వేసిన ఒట్టులోకే వస్తుంది.

తర్వాత కెమెరాలు చిన్నవైపోయాయి. అందరూ సంతోషించారు గానీ, భుజం మీది బరువే బొమ్మను కుదురుగా ఉంచేదని ఎవరికీ తట్టలేదు. అరచేతిలో ఇమిడే కెమెరా మనిషి ఊపిరి తీసినా ఊగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా బావ కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట అక్క చూసింది. చాయ్ అందిస్తే సాసరు మీద కప్పు టకటకలాడిందట. తర్వాత ఒక పెళ్ళి సీడీలో సరిగ్గా తాళి కట్టే చోట బొమ్మంతా వణికిపోయింది. పెళ్ళికూతురి మేనమామ స్టూడియోకు వచ్చి, "ఏందన్నా, మా పిల్ల మెడల తాళి పడుతుంటె భూకంపం గిట్ల వచ్చిందా?" అని అడిగాడు. ఎగతాళిగానే అడిగాడు. అది పోయి బావకు ఎక్కడో గుచ్చుకుంది.

ఖమ్మం దవాఖానాలో డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ప్రాణానికి భయం లేదు, అయితే ఈ వణుకు పోయేదీ కాదు అన్నాడు. కెమెరా పట్టి బతికే మనిషికి ఆ రెండు మాటలూ పొసగవని ఆయనకేం తెలుసు. ఇంటికి వచ్చినాక బావ కెమెరాను స్టాండుకు బిగించి, మండపం ముందు మేకు కొట్టినట్టు ఒక్కచోటే నిలబడటం నేర్చుకున్నాడు. కొత్తగా వచ్చిన కుర్రకారేమో పెళ్ళికూతురి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ తీస్తున్నారు. ఆర్డర్లు ఒక్కొక్కటే జారుతున్నాయి. ఒకరోజు అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, "చేతిలకెల్లి కెమెరా జారితే మనిషే జారిపోతడురా. గట్లని జాలి పడి ఏదన్న జేస్తున్నమని తెలిస్తె, దాన్ని ముట్టడు. ఎట్ల జేస్తవో ఏమో" అంది. బావకు తెలియకుండా బావను నిలబెట్టాలి. నాకు చేతనైన పని ఒక్కటే, కథలు చెప్పడం.

మాకు ఇద్దరు స్నేహితులుండేవారు, మా వృత్తివాళ్ళే. ఒకాయన మధిరలో ఉంటాడు, వరసకు మామ. ఇంకొకాయన ఖమ్మం మిర్చి యార్డు పక్కన స్టూడియో పెట్టుకున్నాడు, నేను చిన్నన్న అంటాను. లైట్లూ బ్యాటరీలూ ఒకరివి ఒకరం వాడుకునేవాళ్ళం. అప్పట్లో పెళ్ళివారందరూ వీడియో సినిమా లెక్క ఉండాలని అడుగుతున్నారు. దానికి స్టెబిలైజర్ కావాలి. ఫ్రిజ్ పక్కన పెట్టుకునేది కాదు, కెమెరాకు కట్టుకునేది. ఒక్కడి వల్ల అయ్యే ఖర్చు కాదు గనుక నలుగురం తలా కొంచెం వేసుకొని ఒకటి కొందామని నేనే లేవదీశాను.

ఏది కొనాలన్న దగ్గరే చిక్కు. రెండు రకాలుండేవి. ఒకటి చేత్తో పట్టుకునేది, కింద బరువులు వేలాడే కడ్డీ. రెండోది ఒంటికి తొడుక్కునేది, ఛాతీకి కవచంలాగా బిగించుకుంటే దానినుంచి స్ప్రింగుల చెయ్యి ఒకటి ముందుకు వచ్చి కెమెరాను మోస్తుంది. మన చెయ్యి దాని మీద ఊరికే ఆనితే చాలు. మొదటిది బావకు పనికిరాదు, చేతి వణుకంతా కడ్డీలోకి పోతుంది. రెండోది ఆయన కోసమే పుట్టినట్టుంది. అయితే ఆ మాట పైకి అనడానికి లేదు.

మిర్చి యార్డు దగ్గరి చాయ్ హోటల్లో, కాయల ఘాటుకు తుమ్ముకుంటూ, పంచాయితీ పెట్టుకున్నాము. మధిర మామ కడ్డీ వైపు. "ఆ ఇనప చొక్కా తొడుక్కుని అడవి ఊళ్ళకెళ్తే నిన్ను పోలీసోళ్ళూ ఆపుతారు, అడవిలో అన్నలూ ఆపుతారు అల్లుడూ. కడ్డీ అయితే సంచిలో పడేసి పాసింజరెక్కేస్తా." చిన్నన్న బక్కపలచని మనిషి. "గది తొడుక్కుంటె నేను కనవడ తమ్మీ, కెమెరా ఒక్కతే నడిచొస్తందనుకుంటరు" అన్నాడు. బావ చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు.

అప్పుడు నేను ఎలుగుబంటిని వదిలాను.

చర్ల దిక్కున అడవిలో ఒక ఊళ్ళో పెళ్ళి, ఇప్పపూలు రాలే కాలం. ఆ పూలు తిని మత్తెక్కిన ఎలుగుబంటి ఒకటి ఊరేగింపు డప్పుకు ముచ్చటపడి జనం వెనకాల వచ్చి కలిసింది. పెళ్ళి వీడియో తీసేవాడు ఎప్పుడూ వెనక్కి నడుస్తాడు గదా, అందుకని దాన్ని మొదట చూసింది వాడే. జనం చెల్లాచెదురయ్యారు. చేతి కడ్డీ అయితే అక్కడే పారేసి చెట్టెక్కేవాడు, కానీ వాడిది ఒంటికి బిగించిన కవచం, బకిల్సు ఊడదీసే తీరిక లేదు, అందుకని వెనక్కి నడిచేవాడు వెనక్కే పరుగెత్తాడు, కెమెరా నడుస్తూనే ఉంది, ఎలుగుబంటి వస్తూనే ఉంది. తర్వాత సీడీ వేసి చూస్తే బొమ్మ ఎంత నున్నగా వచ్చిందంటే, పెళ్ళికూతురి మేనత్త కళ్ళద్దాలు సవరించుకొని, ఆ నల్లకోటు ఆయన మగపెళ్ళివారి తరఫా అని అడిగింది. చేతిది అయితే కెమెరా పోయేది. ఒంటిది కాబట్టి కెమెరా దక్కింది, మనిషీ దక్కాడు.

మామ గట్టిగా తుమ్మి, "ఎలుగుబంటే సాక్ష్యం చెప్పాక ఇంకేం మాట్లాడతాం, ఒంటిదే కొందాం" అన్నాడు. నా కథకు అంత జల్దీ లొంగిపోయినవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. నా ప్రతిభే అనుకున్నాను.

హైదరాబాదు కోఠిలో కొట్టువాడు కవచం తెచ్చి ఒక్కొక్కరికీ తొడిగి చూశాడు. మామ పొట్ట మీద బకిల్ కలవలేదు. చిన్నన్న దాంట్లో మునిగిపోయాడు. నేను చాయ్ తాగడానికి బయటికి జారుకున్నాను. మిగిలింది బావ. తొడుక్కొని నడిస్తే బురదలో బాతులాగా ఉంది. మోకాళ్ళు వదులుగా పెట్టి నేల మీద జారినట్టు నడవాలని కొట్టువాడు చెప్పాడు గానీ, అది పట్టుబడింది మాత్రం ఇంటికి వచ్చినాక, గోదారి ఇసుకలో. బావ చిన్నతనంలో వాళ్ళ నాయన నడిపే హోటలుకు కావడితో నీళ్ళు మోసేవాడు. కావడి మోసేవాడి కాళ్ళు ఎగుడుదిగుళ్ళు తిన్నా భుజం తినదు. పొద్దున్నే ఇసుకలో నాలుగు అడుగులు పడగానే ఆ నడక దానంతటదే తిరిగొచ్చింది. కెమెరాలో వంతెనా, నీళ్ళూ, అవతలి గట్టూ అద్దం మీద రాసినట్టు కుదురుగా వచ్చాయి. ఆ బొమ్మ ఆయన మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. అక్క ఆ కవచానికి పసుపు పెట్టి, నిమ్మకాయ కట్టి, దిష్టి తీసింది.

మాఘమాసం వచ్చింది. అప్పుడు బయటపడింది మేం చేసిన తెలివితక్కువ పని. ముహూర్తమంటే జిల్లా మొత్తానికి ముహూర్తమే, మా మూడు స్టూడియోలకూ అదే రోజు, అదే గడియకు పెళ్ళిళ్ళు. ఒక్క స్టెబిలైజర్ మూడు మండపాల్లో ఎట్లా నిలబడుతుంది? భయపడుతూ చిన్నన్నకు ఫోను చేశాను. "నాది మేడ మీద హాలు తమ్మీ, అన్ని మెట్లే. గది నాకొద్దు, బావనే పట్టుకపొమ్మను" అన్నాడు. మామకు చేస్తే, "మాది చిన్న పెళ్ళిలే అల్లుడూ, స్టాండు చాలు" అన్నాడు. ఆ చిన్న పెళ్ళి రైసుమిల్లువారిదనీ, ఊరేగింపుకు గుర్రబ్బండి తెప్పించారనీ నాకు ముందే తెలుసు. తర్వాతి ముహూర్తానికీ ఇదే పాట. ఒకరికి మెట్లు అడ్డం, ఒకరికి మెడ నొప్పి. ఆ యంత్రం సారపాక దాటి పోలేదు.

పంచాంగం చూసి పంతులు కంటే ముందే తేదీలు చెప్పే వృత్తి మాది. ముహూర్తాలు అందరికీ ఒక్కటేనన్న సంగతి ఆ ఇద్దరూ మరిచిపోతారా? యార్డు దగ్గర తుమ్ముకుంటూ కూర్చున్న రోజే వాళ్ళకు అన్నీ తెలుసు. వాళ్ళు కొన్నది తమకోసం కాదు. కడ్డీ కావాలని వాదించింది కూడా, ఊరికే ఒప్పుకుంటే ఆ వణికే చేతికి అనుమానం వస్తుందని.

ఇక ఒట్టు తీసి గట్టు మీద పెడతాను. పైన రాసిందాంట్లో నేను కల్పించింది ఒక్కటే: చెయ్యి. వణికింది మా బావ చెయ్యి కాదు, నాది. అక్క వంటింట్లోకి పిలిచింది నన్ను కాదు, ఆయన్ని. కోఠిలో చాయ్‌కు జారుకున్నది ఆయన, బాతులాగా నడిచింది నేను. ఫోనులో చిన్నన్న యంత్రాన్ని పట్టుకపొమ్మన్నదీ నన్నే. కావడి మాత్రం నిజంగా ఆయనదే. గోదారి ఇసుకలో నిండు బిందెల కావడి ఎత్తుకొని ఆయన ముందు నడుస్తుంటే, కవచం తొడుక్కొని నేను ఆ అడుగుల్లో అడుగులు వేసుకుంటూ నేర్చుకున్నాను. యార్డు దగ్గర ఎలుగుబంటి కథ చెప్పింది కూడా ఆయనే, పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని మనిషి, చెమటలు కక్కుతూ, నా ముఖం చూడకుండా. ఆయన చెప్పిన ఎలుగుబంటి ఊరికే వచ్చి పోయింది, అంతే. దానికి ఇప్పపూలు మేపి, మేనత్తను తోడిచ్చి ఇంతదాన్ని చేసింది నేను. నా వణుకు గురించి నేనే రాయాలంటే కలం సాగలేదు, అందుకని కాసేపు ఆయన చేతిని అరువు తెచ్చుకున్నాను.

ఇప్పుడు ఎవరి జింబల్ వారికుంది. మంచిదే, ఎవరి చెయ్యి వణికినా బొమ్మ వణకదు, ఎవరి బతుకూ ఆగదు. అయితే వణుకుతున్నదని పక్కవాడికి తెలిసే దారి కూడా లేకుండా పోయింది. తెలియకపోతే మెట్లు అడ్డమని, మెడ నొప్పని, గుర్రబ్బండి పెళ్ళిని చిన్న పెళ్ళని చెప్పేవాడెవడు?

మొన్న ఆ అమ్మాయి జింబల్ పెట్టింది నా చేతిలోనే. చెయ్యి నిలకడగా ఉందని మెచ్చుకుంది నన్నే. కళ్ళు తుడుచుకున్నదీ నేనే. నా పక్కన ఉన్న మా బావ, జన్మలో ఒక్క ఎలుగుబంటిని తప్ప అబద్ధం ఎరగనివాడు, ఆ పిల్ల కళ్ళలోకి తిన్నగా చూసి, "అవ్ బిడ్డా, మొదటి సంది గంతే" అన్నాడు.

అది రెండోది.